పెద్దమ్మకు వినపడేలా

సానొక్,
10 సెప్టెంబరు 2017

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది నాలుగోది. తప్పులున్నా పంపేస్తాను, నువ్వు ఎర్ర పెన్నుతో దిద్దుకో.

నీకొక అబద్ధం చెప్పాను. పోయిన క్రిస్మస్‌కి "కలీనా బడి ఎలా ఉంది?" అని అడిగితే "బాగానే ఉంది" అని రాశాను. ఈస్టర్‌కీ అదే మాట. నిజానికి పోయిన నవంబరు నుంచీ అది బడికి వెళ్లడం లేదు. ఇంట్లోనే చదువుతోంది. చెప్పేది నేనే.

ఎలా మొదలైందో నాకూ సరిగ్గా తెలియదు. ఒకరోజు క్లాసులో బోర్డు ముందు నిలబెట్టి ఏదో అప్పజెప్పమన్నారట. నోరు పెగల్లేదు. పిల్లలు నవ్వారు. మరీ అంత ఘోరంగా కూడా నవ్వలేదని అదే చెప్పింది. మర్నాటి నుంచి పొద్దున్నే వాంతులు. బడి గేటు దాకా నేనే తీసుకెళ్లేదాన్ని. అక్కడ ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడిపోయేది. ఒక్కో వేలూ విడదీయాల్సి వచ్చేది అక్కా. ఒకరోజు అలా విడదీస్తుంటే నా మొహంలోకి చూసి, "అమ్మా, నేను కావాలని చెయ్యట్లేదే" అంది. ఆ రోజు ఇంటికి తీసుకొచ్చేశాను. మళ్లీ పంపలేదు.

తర్వాత డాక్టరు, సైకాలజిస్టు, కాగితాలు. పేరు బడిలోనే ఉంటుంది, చదువు ఇంట్లో. ఏడాది చివర ఒక్కో సబ్జెక్టుకీ బడికి వెళ్లి పరీక్ష ఇవ్వాలి. జూన్‌లో అన్నీ గట్టెక్కింది, వాళ్లు దయతలచి ఒక్క టీచరునే ఎదురుగా కూర్చోబెట్టారు. ఇప్పుడు మిగిలింది ఆఖరి ఏడాది. మేలో మతూరా, బడి చివరి పరీక్షలు. అది కాకపోతే పన్నెండేళ్లు చదివి చేతిలో ఏ కాగితమూ లేనట్టే. రాతపరీక్షలకి వేరే గది ఇస్తారు. కానీ పోలిష్‌లో నోటి పరీక్ష ఉందిగా, ముగ్గురి ముందు కూర్చుని పది నిమిషాలు మాట్లాడాలి. అది తప్పించడం ఎవరి చేతుల్లోనూ లేదు. ఈ మధ్య నాతో కూడా గుసగుసగానే మాట్లాడుతోంది.

లైబ్రరీలో సగం పూటకి మారాను. రొమాన్ అడవి డ్యూటీ నుంచి శనివారాలే వస్తాడు. వచ్చి కూతురి పక్కన కూర్చుని ఏదో చెక్కముక్క చెక్కుతుంటాడు, ఒక్క ప్రశ్నా అడగడు. దానికి ఆయనంటేనే హాయి.

ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు, మెసేజ్ పెడదామంటే ఇదంతా అందులో పట్టదు. నాకు లెక్కలు రావని నీకు తెలుసు. నువ్వు ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదానివి. ఎలా చెప్పాలో రాయి. తిట్టాలనుంటే చివర్లో తిట్టు.

నీ చెల్లెలు
దనూత


ఉస్త్‌కా,
18 సెప్టెంబరు 2017

దనూశా,

చివరిదాకా ఓపిక ఉంటుందో లేదో, ముందే తిడతాను. పిల్ల ఏడాదిగా బడి మానేస్తే నాకు చెప్పవా? నేను సముద్రం ఒడ్డున ఉన్నాను గానీ సముద్రంలో మునిగిపోలేదు కదా! నాకెవరున్నారు నువ్వూ ఆ పిల్లా తప్ప?

సరే, అయింది. ఇప్పుడు పని చూద్దాం. దీనితో టైం టేబుల్ పంపుతున్నాను, కార్డు మీద రాశాను, గోడకి తగిలించు. ఏడుకి లేవడం. ఎనిమిది నుంచి పది దాకా లెక్కలు. ప్రతి సాయంత్రం ఐదింటికి ఆ రోజు చదివిన వాటిమీద పరీక్ష, గడియారం పెట్టి. విడిగా పార్సిల్‌లో నా పాత లెక్కల పుస్తకాలు వస్తాయి. భయపడే పిల్లలు నా దగ్గర చాలామంది చదివారు. పని పెంచితే భయానికి చోటుండదు. దాన్ని జాలిగా చూడకు.

మనం ఇలా ఇంట్లో చదువు చెప్పుకోవడం కొత్తేం కాదులే. నీకు పదేళ్లప్పుడు కీళ్ల జ్వరం వచ్చి ఆ చలికాలమంతా మంచం దిగలేదు, గుర్తుందిగా. నేను కాలేజీకి ఏడాది సెలవు పెట్టి నాన్న రైల్వే గేటు ఇంటికి వచ్చేశాను. నాన్న బొగ్గుపెట్టె మూత ఊడదీసి, నల్లరంగు పూసి నాకు బోర్డు చేసిచ్చాడు. గూడ్సు బండి వస్తే నీ మంచం కిటికీ దగ్గరకి జరిపేదాన్ని. పెట్టెలు లెక్కపెట్టి మూడుతో భాగించేదానివి. బండి వెళ్లాక నాన్న గేటు ఎత్తేసి, మంచు పట్టిన మీసాలతో కిటికీలోంచి తొంగిచూసి "ఎన్నొచ్చాయే?" అనేవాడు. ఎప్పుడూ తప్పు చెప్పలేదు నువ్వు. అమ్మ పొయ్యిమీద ఎండు రేగుపళ్లు ఉడికించేది, ఆ వాసనకి పలక మీద సుద్ద కూడా తియ్యగా ఉండేది. ముప్పై ఏళ్లలో అంత మంచి క్లాసు నాకు మళ్లీ దొరకలేదు. ఒక్క విద్యార్థిని, రోజుకి పదకొండు రైళ్లు.

కలీనాని ముద్దు పెట్టుకున్నానని చెప్పు. ఐదు గంటల పరీక్ష మాత్రం మానకు.

స్తెఫా


సానొక్,
14 అక్టోబరు 2017

అక్కా,

పుస్తకాలు అందాయి. టైం టేబుల్ గోడకి తగిలించాను. కలీనా దాన్ని కాసేపు చూసి తన గదిలోకి వెళ్లింది. మూడు రోజులు బయటికి రాలేదు. నాలుగో రోజు నేనే ఆ కార్డు తీసి సొరుగులో పెట్టి, ఆపిల్ కేక్ చేశాను. ఆ వాసనకి వచ్చింది.

మేము చదివే తీరు నీకు నచ్చదు. అయినా చెప్తాను. పొద్దున్నే పిరోగీలకి పిండి కలుపుతాం, చరిత్ర అప్పుడు. రాజుల పేర్లు నేను అడగను. నేను తప్పు చెప్తాను, అది దిద్దుతుంది. "అమ్మా, నువ్వు దేశాన్ని పదేళ్లు ముందే పొరుగు రాజులకి పంచేశావు" అంటుంది. బయాలజీ బంగాళదుంపలు తరిగేటప్పుడు. పాఠ్యగ్రంథాలు నేను పైకి చదువుతాను, అది అల్లుకుంటూ వింటుంది. దాని నోటితో చదవమంటే మాత్రం చేతులు చల్లబడిపోతాయి. లెక్కలు మానేశాం, ఈ నెలకి.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకు. నువ్వు ఆ చలికాలం గురించి రాశావు. రైళ్లూ, నాన్న మీసాలూ, రేగుపళ్లూ నాకూ గుర్తే. కానీ నాకు ఇంకోటి కూడా గుర్తుంది. నాలుగున్నర నుంచీ భయంగా తలుపు వైపే చూసేదాన్ని. ఐదింటికి నువ్వు గడియారం తెచ్చి దుప్పటిమీద పెట్టేదానివి. జ్వరం ఉన్నా వదిలేదానివి కాదు. కళ్లు మూసుకుపోతుంటే లేపి మరీ అడిగేదానివి. నా కూతురికి నేను అలా చెయ్యలేను.

దనూత


ఉస్త్‌కా,
2 నవంబరు 2017

దనూతా,

నిన్న సకల పునీతుల పండక్కి ఇక్కడి స్మశానంలో దిక్కులేని ఒక సమాధి దగ్గర అమ్మకీ నాన్నకీ దీపాలు పెట్టాను. అక్కడ వాళ్ల దగ్గర నువ్వు పెట్టే ఉంటావు.

నువ్వు భయపడ్డావని నాకు తెలియదు. పుస్తకాలు తిరిగి పంపనక్కర్లేదు. ఎవరికైనా ఇచ్చెయ్యి.

స్తెఫానియా


సానొక్,
20 డిసెంబరు 2017

అక్కా,

నీ పూర్తి పేరుతో సంతకం చూసి నెలన్నరగా నిద్ర సరిగ్గా పట్టలేదు. అలా రాయకుండా ఉండాల్సింది. నోటితో అనుంటే నీ మొహం చూసి అక్కడే ఆపేసేదాన్ని. కాగితానికి మొహం ఉండదు కదా.

పండగ రొట్టె రేకు ఈ కవర్లో పెట్టాను. ఒక మూల విరిగి ఉంటుంది, అది కలీనా విరిచింది. "పెద్దమ్మకి నా వంతుగా" అంది. మేం ఇక్కడ మా ముక్కలు విరుచుకునేటప్పుడు నువ్వు అక్కడ ఇది విరుచుకో. ఎప్పట్లాగే బల్లమీద ఒక కంచం ఎక్కువ వేస్తాం. దారినపోయే అతిథి కోసం అంటారు గానీ మా ఇంట్లో అది నీదే. బీట్‌రూట్ చారు ఈసారి బాగా పులిసింది. అమ్మ చారులాగే ఉంది. కలీనా మూత తీసి వాసన చూసి, "అమ్మమ్మ ఇల్లు ఇలా ఉండేదా?" అని అడిగింది. ఇలాగే ఉండేదన్నాను.

ఒక మంచి కబురు. జనవరి ఇరవైన నూరు రోజుల డాన్స్, మతూరాకి నూరు రోజుల ముందుది. కలీనాకి ముదురు నీలం గౌను కుట్టాం. రొమాన్ ఆ రోజుకి సెలవు పెట్టాడు, ఇప్పటినుంచే బూట్లు పాలిష్ చేసుకుంటున్నాడు. పోలొనేజ్ అడుగులు రోజూ వేస్తున్నాం. దాని మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

పండగ శుభాకాంక్షలు. నన్ను క్షమించు.

నీ దనూశ


ఉస్త్‌కా,
9 జనవరి 2018

దనూశా, బంగారం,

రొట్టె రేకు ముక్కలుగా వచ్చింది, అన్నీ ఏరుకుని తిన్నాను. క్షమాపణలు గిమాపణలు వద్దు.

డాన్స్ కబురు విని మెట్లన్నీ దిగి మరీ కింది వాటా ముసలాయనకి చెప్పొచ్చాను! బడి గేటు దగ్గర నిలబడిపోయే పిల్ల, రెండొందల మంది మధ్య పోలొనేజ్ ఆడబోతోంది! నేను తప్పు, నువ్వు రైటు. పిరోగీలతోనే చదువు చెప్పుకో, నేనింక నోరెత్తను.

తొడకి వేసుకునే ఎర్ర గార్టర్ పట్టీ పంపుతున్నాను. డాన్స్‌కి వేసుకున్న ఎర్రదే అదృష్టం కోసం మళ్లీ మతూరాకి వేసుకోవాలి, మధ్యలో ఉతక్కూడదు. నా కాలంలో మేం పరీక్ష హాల్లో బరబరా గోక్కుంటూ రాశాం. కలీనాకి విడిగా ఒక కార్డు కూడా రాశాను, "నువ్వు నాకంటే ధైర్యవంతురాలివి" అని. ఫోటో పంపు.

స్తెఫా


సానొక్,
29 జనవరి 2018

అక్కా,

ఫోటో ఇదిగో. నీలం గౌను దానికి ఎంత నప్పిందో చూడు. చాలా బాగా జరిగింది. గార్టర్ వేసుకుంది, చిరాగ్గా ఉందని రాత్రంతా తిట్టుకుంది. కార్డు దిండు కింద పెట్టుకుంది.

ఎక్కువ రాయలేను, లైబ్రరీకి టైమవుతోంది.

దనూత


ఉస్త్‌కా,
22 ఫిబ్రవరి 2018

దనూతా,

"కలీనా ఇక్కడికి చేరింది" అని మెసేజ్ పెట్టాను, అందే ఉంటుంది. ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను.

పొద్దున ఎనిమిదింటికే వచ్చి బెల్ కొట్టిందట. నాకు వినపడలేదు. పదింటికి చెత్తబుట్ట తీసుకుని తలుపు తీస్తే మెట్ల మీద కూర్చుని ఉంది, ఒళ్లో సంచీ, ముక్కు ఎర్రగా. పద్నాలుగు గంటలు రైల్లో ఒక్కతే వచ్చింది. లేచి నిలబడి ఏదో అంది. పెదాలు కదలడం తప్ప నాకేం తెలియలేదు.

"ఏంటీ?" అన్నాను.

మళ్లీ కదిలాయి.

"వినపడట్లేదే తల్లీ. గొంతెత్తు."

"నేను డాన్స్‌కి వెళ్లలేదు!" అని అరిచింది. "మా వంటింట్లో ఆడుకున్నాం! అమ్మా నాన్నా నేనూ! మూడే మూడు పాటలు! నేనేం ధైర్యవంతురాల్ని కాదు పెద్దమ్మా, ఆ కార్డు నాది కాదు, తీసేసుకో!"

ఆ మెట్లు ఎలాంటివో నీకు తెలుసుగా, దగ్గితే నాలుగు అంతస్తులు మోగుతాయి. కింది ముసలాయన తలుపు తీసి, "ఎవరైనా పోయారా?" అని కేకేశాడు. "లేదండీ, మా చెల్లెలి కూతురు వచ్చింది" అన్నాను. కార్డు తీసుకోలేదు. ఆ మాట చెప్పడానికి దేశం ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చిన పిల్లదే ఆ కార్డు.

నువ్వు మాత్రం నాకు రెండోసారి అబద్ధం చెప్పావు. ఫోటోలో వెనకాల మీ వంటింటి కుండీ కనపడుతూనే ఉంది, నేనే చూసుకోలేదు. నా సంతోషం చెడగొట్టడం ఇష్టంలేక అని ఉంటావు. కానీ ఆ బరువు పిల్ల మోసింది.

కొన్నాళ్లు నా దగ్గర ఉంచుకుంటాను. నువ్వు రావద్దు.

స్తెఫా


సానొక్,
1 మార్చి 2018

అక్కా,

రావద్దన్నావు. రాను.

నేను నీకు అబద్ధం రాయలేదు. డిసెంబరులో రాసింది అక్షరాలా నిజం. డాన్స్ ఎక్కడ అని రాయలేదు, అంతే. నువ్వు రెండొందల మంది అనుకున్నావు. నీ ఉత్తరం చదివాక కాదని చెప్పడానికి మనసు రాలేదు. ఎన్నాళ్లకో నన్ను "బంగారం" అన్నావు. దాన్ని పోగొట్టుకోలేకపోయాను. తప్పే.

కానీ ఇదొకటి చెప్పు. పదహారు నెలలు నేను దాని పక్కనే ఉన్నాను. వీధి చివర రొట్టెల కొట్టు దాకా రమ్మంటే రాలేదు. బతిమాలాను, వరండా దాకా నడిపించాను, మెట్టుకో రోజు లెక్కన. ఉద్యోగం సగం చేసుకున్నాను, స్నేహితులు దూరమయ్యారు. అలాంటిది నాకు బల్లమీద ఒక చీటీ పెట్టి నీ దగ్గరకి పద్నాలుగు గంటలు వచ్చింది! నేను చెయ్యనిది నువ్వేం చేశావు? ఇది అసూయ అనుకో, అనుకుంటే అదే.

దాని గది తలుపు తీసే ఉంచాను. మంచం సర్దలేదు. పరీక్షలకి తొమ్మిది వారాలుంది. పంపించెయ్.

దనూత


ఉస్త్‌కా,
12 మార్చి 2018

దనూశా,

పదిహేడున రైలెక్కిస్తాను. పద్దెనిమిదిన దింపుకో.

నేనేం చేశానని అడిగావు. ఏమీ చెయ్యలేదు, వినలేదు. అంతే. మూడో రోజు పొడుగాటి తీరం వెంట నడుస్తూ కలీనా నా చెవి దగ్గరకి వచ్చి అరిచింది: "పెద్దమ్మా, నీ దగ్గర భయం వెయ్యట్లేదు! నా గొంతు వణికినా నీకు తెలీదుగా!" తెలీదన్నాను. మాట వచ్చిందా రాలేదా, నాకు అంతే తెలుస్తుంది. వణుకు నా చెవి దాకా రాదు.

అప్పటినుంచి రోజూ పదకొండింటికి చారు గిన్నెలోంచి ఒక ప్రశ్న చీటీ తీస్తుంది. పావుగంట ఆలోచించుకుని, నా ఎదురుగా కూర్చుని పది నిమిషాలు మాట్లాడుతుంది. నాకు అందకపోతే చెయ్యి ఎత్తుతాను, మళ్లీ చెప్తుంది. కిటికీలు తెరిచే ఉంటాయి. కింది ముసలాయన నిన్న మెట్ల మీద నన్ను ఆపి, నిన్నటిది మొన్నటికంటే బాగుందని కాగితం మీద రాసి చూపించాడు.

ఇప్పుడు నీకు రెండు సంగతులు చెప్పాలి. మొదటిది కలీనాకి చెప్పాను. రెండోది ఎవరికీ చెప్పలేదు.

నేను హెడ్‌మాస్టర్‌తో గొడవపడి ముందే రిటైరయ్యానని మీరంతా అనుకుంటారు. అనుకోనిచ్చాను. రిటైర్ కావడానికి ఆరేళ్ల ముందే నా చెవులు పోవడం మొదలైంది. దాచాను. పిల్లల పెదాలు చూసి మార్కులు వేసేదాన్ని. పొద్దున క్లాసు తలుపు ముందు నిలబడి చేతులు గౌనుకి తుడుచుకునేదాన్ని, ఇవాళ ఎవరు ఏం అడుగుతారో, నాకు అందుతుందో లేదో అని. నలభై ఏడేళ్ల మనిషిని, పదిహేనేళ్ల పిల్లల్ని తప్పించుకు తిరిగేదాన్ని. ఒకరోజు ఒక కుర్రాణ్ని బోర్డు దగ్గర జవాబు అడిగాను. గోడవైపు తిరిగి చెప్పాడు. నాకు తప్పుగా తోచింది, సున్నా లాంటి మార్కు వేసి కూర్చోమన్నాను. వాడు కూర్చున్నాడు. క్లాసు అయ్యాక ఒక అమ్మాయి నా బల్లమీద చీటీ పెట్టి వెళ్లిపోయింది. "మేడం, వాడు కరెక్ట్‌గానే చెప్పాడు" అని ఉంది. మర్నాడు వాడికి మార్కు మార్చి క్షమాపణ చెప్పి, ఆ వారమే రాజీనామా ఇచ్చాను. భయపడే పిల్లలు నా దగ్గర చాలామంది చదివారని నీకు గొప్పగా రాశాను చూడు. ఆ గదిలో అందరికంటే భయపడేది నేనే.

రెండోది ఆ చలికాలం గురించి. డాక్టరు అమ్మతో నీ గుండెకి వాపొచ్చిందన్నాడు. చలి వెళ్లేదాకా నమ్మకం చెప్పలేనన్నాడు. అమ్మ నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు, నాన్నకి కూడా. సాయంత్రం అయ్యేసరికి నీ జ్వరం ఎక్కేది, కళ్లు మూసుకుపోయేవి. నిద్రో ఇంకోటో నాకు తెలిసేది కాదు. అప్పుడు లేపి అడిగేదాన్ని, ఏడు ఎనిమిదులు ఎంతే అని. "యాభై ఆరు" అనేదానివి. హమ్మయ్య అనుకునేదాన్ని. గడియారం నీ కోసం కాదు దనూశా. ఐదు నుంచి ఆరు దాకా నువ్వున్నావని నాకు తెలియడానికి.

నాకు ఇరవై ఒక్కేళ్లు. ఇంకో రకంగా అడగడం చేతకాలేదు.

స్తెఫా


సానొక్,
20 మే 2018

అక్కా,

మార్చి ఉత్తరానికి జవాబు రాయలేదు. చాలాసార్లు కూర్చున్నాను, రాలేదు. దాన్ని రొమాన్‌కి చదివి వినిపించాను. ఆయన లేచి బయటికి వెళ్లి కట్టెలు కొట్టాడు. అప్పటికి ఏప్రిల్, మాకు కట్టెలతో పనే లేదు. నాలుగున్నరకి తలుపు వైపు చూడటం మాత్రం పోయింది. నలభై ఏళ్ల తర్వాత.

ఇక పరీక్షలు. మూడు వారాలుగా ఊరంతా చెస్ట్‌నట్ పూలు విచ్చుకుని ఉన్నాయి. మన కాలంలోలాగే. నాలుగో తేదీన పోలిష్ రాత, ఏడున లెక్కలు, ఎనిమిదిన ఇంగ్లిష్. చిన్న గదిలో ముగ్గురు పిల్లలు. పోలిష్ రాసి వచ్చి రెండు గిన్నెల చారు తాగింది. లెక్కలు రాసి వచ్చి నేరుగా వెళ్లి పడుకుంది. ఎలా రాసిందో నేను అడగలేదు.

పదిహేడున నోటి పరీక్ష. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. లోపల ముగ్గురు: ఒక పెద్దాయన, ఇద్దరు ఆడవాళ్లు. తలుపు మూశారు. మొదట ఏమీ వినపడలేదు. నా వాచీలో ముల్లు చూస్తున్నాను. ఒక నిమిషం. నిమిషమున్నర. పక్కనున్న తల్లి నా చెయ్యి పట్టుకుంది. ఆవిడెవరో కూడా నాకు తెలియదు.

అప్పుడు అక్కా, తలుపు అదిరింది. "మనిషి ఒంటరితనం గురించి నాకు వచ్చిన ప్రశ్న!" అని కలీనా గొంతు. వరండాలో అందరూ తలలు తిప్పారు. మెట్ల దగ్గర ఊడుస్తున్నావిడ చీపురు ఆపింది. రెండు నిమిషాలు అలా సాగాక లోపల ఒకావిడ, "అమ్మా, కొంచెం మెల్లగా. మేం ఎదురుగానే ఉన్నాం కదా" అంది.

"క్షమించండి! మా పెద్దమ్మకి వినపడదు. ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. మెల్లగా చెప్తే నా మాట ఆగిపోతుందండీ!"

నేను బెంచీ మీంచి లేచాను. అప్పుడు ఆ పెద్దాయన అన్నాడు: "అయితే అలాగే చెప్పమ్మా. నాకూ ఒక చెవి పనిచెయ్యదు."

చెప్పింది. వరండా అంతా విన్నది. సాయంత్రం మార్కులు చదివారు, వందకి డెబ్బై ఎనిమిది. ఇంటికి వస్తూ రొట్టెల కొట్లో దూరి, "నాలుగు గసగసాల రోల్స్!" అని అడిగింది. కొట్టావిడ ఉలిక్కిపడింది.

నీ దనూశ


సానొక్,
4 జులై 2018

అక్కా,

నిన్న ఫలితాలొచ్చాయి. మిగతావన్నీ పాస్. లెక్కలు ఇరవై ఆరు. ముప్పై కావాలి. ఆగస్టు ఇరవై ఒకటిన మళ్లీ రాయనిస్తారు, అదీ తప్పితే వచ్చే ఏడాదే.

కలీనా ఏడవలేదు. నేను ఏడ్చాను. అది నన్ను ఓదార్చి, "పెద్దమ్మకి ఎలా చెప్తాం? లెక్కల టీచరు కదా" అంది. తలుపులు మూసుకోలేదు. కానీ నిన్నటి నుంచి మళ్లీ గుసగుస.

దనూత


ఉస్త్‌కా,
9 జులై 2018

దనూశా,

లెక్కల్లో తప్పింది నేను. నెల దగ్గరదగ్గర నా ఇంట్లో ఉంటే ఒక్క లెక్క చేయించలేదు. చేయించబోయి మానేశాను. అది జవాబు చెప్తే నాకు వినపడదేమోనని, సరైనదాన్ని మళ్లీ తప్పంటానేమోనని.

పద్నాలుగున బయల్దేరుతున్నాను. పెద్ద పలక ఒకటి కొని ఉంచు. దీనికి జవాబు రాయకు, నేను దారిలో ఉంటాను.

స్తెఫా


సానొక్,
1 అక్టోబరు 2018

అక్కా,

నువ్వు వెళ్లి నెల దాటింది. మీ ఇద్దరి అరుపులు లేక పక్కింటివాళ్లకి తోచడం లేదట. వేసవిలో కిటికీలోంచి "పెద్దమ్మా, అది శాతం కాదు, శాతంలో శాతం!" "మరి పలక మీద ఎందుకు రాయలేదే మొద్దూ!" అని వినపడుతుంటే పక్కింటావిడ తన టీవీ కట్టేసుకుని వినేదట. నువ్వు ఒక తప్పు లెక్కని ఒప్పుకుని సారీ చెప్పిన రోజు నేను గుమ్మంలో ఉన్నాను, నీకు కనపడలేదు. కలీనా నీ మెడ చుట్టూ చేతులు వేసింది. చెర్రీలు వలుస్తూ, చేతులు మోచేతిదాకా ఎర్రగా, మనం ముగ్గురం ఆ బల్ల దగ్గర కూర్చున్నాం చూడు, దాన్ని నేను రోజూ ఒకసారి తలచుకుంటున్నాను. అది జరుగుతుండగానే నాకు తెలుసు, తర్వాత తలచుకుంటానని.

ఆగస్టు లెక్కల పరీక్షలో నలభై ఎనిమిది వచ్చినప్పుడు కలీనా మెసేజ్ పెట్టింది కదా. ఆ మర్నాడే అప్లికేషన్ పెట్టింది. క్రోస్నోలో రెండేళ్ల కోర్సు, తోటల పెంపకం. ఆలస్యంగా చేరినవాళ్లకి ఇవాళే మొదటి క్లాసు. క్లాసులో ఇరవై రెండు మంది. రోజూ బస్సులో వెళ్లి రావాలి.

పొద్దున దానికి శాండ్‌విచ్‌లు కట్టాను. గుమ్మంలో, "అమ్మా, నువ్వు రాకు" అంది. మామూలు గొంతుతో, గట్టిగానూ కాదు, గుసగుసగానూ కాదు. సరే అన్నాను.

బస్టాపు మా కిటికీలోంచి కనపడుతుంది. ఆరూ నలభై బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. కలీనా కదల్లేదు. బస్సు వెళ్లిపోయింది. నేను కోటు వేసుకున్నాను. ఏడూ ఐదు బస్సు వచ్చింది. ఒక ముసలావిడ ఎక్కింది, ఒక సైనికుడు ఎక్కాడు. కలీనా ఒక అడుగు ముందుకి వేసి మళ్లీ వెనక్కి వచ్చింది. అదీ వెళ్లిపోయింది. నేను బూట్ల కోసం వంగాను. అప్పుడది తల ఎత్తి మా కిటికీ వైపు చూసింది. నేను కనపడ్డానో లేదో తెలియదు. చెయ్యి ఊపలేదు, పిలవలేదు. సంచీ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది, అంతే.

ఏడూ పాతిక బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. డ్రైవరు ఏదో అడిగినట్టున్నాడు. అది జవాబు చెప్పింది, ఎక్కింది. వెనక సీట్లో దాని ఎర్ర టోపీ వంతెన దాకా కనపడింది.

ఇప్పుడు ఎనిమిదిన్నర. కోటుతోనే వంటింట్లో కూర్చుని నీకు ఇది రాస్తున్నాను. ఒక కాలికి బూటుంది, ఇంకోటి ఇంకా చేతిలోనే ఉంది.

నీ
దనూశ